ఐసునీళ్ల స్నానం, పసుపు పచ్చ పొడి: కొవ్వులో మంట ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: నా వయసు 36. కరీంనగర్‌లో ఉంటాను. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. ఏడు నెలల కిందట 86 కిలోలు ఉండేవాణ్ని, తిండి తగ్గించి 77కి వచ్చాను. రెండు నెలలుగా బరువు అక్కడే ఆగిపోయింది. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఒక పుల్కా, కూర, రాత్రి పండ్లు. ఇంకేం తగ్గించను? పైగా ఎప్పుడూ చలిగా ఉంటోంది. ఆఫీసులో అందరూ ఫ్యాన్ వేయమంటే నేను ఆపమంటున్నాను. ఒంట్లో బ్రౌన్ ఫ్యాట్ అని ఒకటి ఉంటుందని, చల్లదనం తగిలితే అది కాలి బరువు తగ్గుతుందని, మన భారతీయులకు అది తక్కువ కాబట్టి ఐసునీళ్ల స్నానం తప్పదని జిమ్ ట్రైనర్ చెప్పాడు. మూడు వారాలుగా తెల్లవారుజామున బకెట్లో ఐసు ముక్కలు వేసుకుని అయిదు నిమిషాలు పోసుకుంటున్నాను. ఒక మిత్రుడు ఆన్‌లైన్‌లో తెప్పించిన క్యాప్సూళ్లు ఇచ్చాడు. ఒంట్లో వేడి పుట్టించి కొవ్వు కరిగిస్తాయట. డబ్బా మీద మందు పేరు లేదు, లోపల పసుపు పచ్చ పొడి. ఇంకా వేసుకోలేదు. రాత్రి ఏసీ 18లో పెట్టుకుని పడుకుంటే మేలా? అదే గదిలో ఆరు నెలల పాప కూడా పడుకుంటుంది.

జవాబు: ముందు ఆ క్యాప్సూళ్ల సంగతి. ఒక్కటి కూడా నోట్లో వేసుకోకండి, మీ మిత్రుణ్నీ వేసుకోనివ్వకండి. పేరు లేదు, పసుపు పచ్చ పొడి, ‘వేడి పుట్టిస్తుంది’ అనే మాట. ఈ మూడూ ఒకచోట కలిస్తే మొదట అనుమానించాల్సింది డైనైట్రోఫినాల్‌ని, జిమ్ భాషలో డీఎన్‌పీని. అది కాకపోనూవచ్చు. కానీ కంటితో చూసి తేల్చే వీలు లేదు, పొరపాటు పడితే దిద్దుకునే వీలు అంతకన్నా లేదు. అదెందుకు ప్రాణాంతకమో తెలియాలంటే కొవ్వులో వేడి ఎలా పుడుతుందో తెలియాలి. మీ మిగతా ప్రశ్నలకు జవాబులూ అక్కడే ఉన్నాయి కాబట్టి అటు నుంచే వద్దాం.

మన ఒంట్లో ఎక్కువగా ఉండేది తెల్ల కొవ్వు. దాని కణంలో ఒకటే పెద్ద నూనె బొట్టు ఉంటుంది, దాచుకోవడమే దాని ప్రధానమైన పని. బ్రౌన్ ఫ్యాట్ కణంలో అయితే చిన్న చిన్న బొట్లు బోలెడు, వాటి మధ్య కిక్కిరిసి మైటోకాండ్రియా, అంటే కణానికి శక్తి తయారుచేసే చిన్న అరలు. ఆ మైటోకాండ్రియాలోని ఇనుము వల్లే దానికి గోధుమ రంగు. 1551లోనే స్విట్జర్లాండ్‌ పండితుడు కాన్రాడ్ గెస్నర్, చలికాలమంతా నిద్రలో గడిపే మార్మాట్ అనే జంతువులో దీన్ని చూసి, కొవ్వూ కాదు మాంసమూ కాదు అని రాసిపెట్టాడు. మనిషిలో ఇది పసితనంతోనే పోతుందని చాలాకాలం అనుకున్నారు. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే సంచికలో మూడు పరిశోధనలు అచ్చువేసి ఆ మాట చెరిపేసింది. పెద్దవాళ్లలోనూ మెడ పక్కల, కాలర్ బోన్ పైన, వెన్ను పొడవునా, కిడ్నీల చుట్టూ అది ఉంది.

ఆ మూడింట్లో రెండిటి అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. బోస్టన్‌లో ఏవో వేరే జబ్బుల కోసం పెట్ స్కాన్ (ఒంట్లో గ్లూకోజ్ ఎక్కడ ఎక్కువగా ఖర్చవుతోందో వెలిగించి చూపే స్కాన్) చేయించుకున్న 1,972 మంది ఫిల్ములు తిరగేస్తే ఆడవాళ్లలో 7.5 శాతం మందికి, మగవాళ్లలో 3 శాతం మందికి మాత్రమే బ్రౌన్ ఫ్యాట్ పనిచేస్తూ కనిపించింది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 24 మంది యువకులను 16 డిగ్రీల గదిలో కూర్చోబెట్టి చూస్తే 23 మందిలో కనిపించింది. ఈ రెండో గుంపు వాళ్లు కుర్రవాళ్లు, ఆరోగ్యవంతులు కూడా అన్నది నిజమే. అయినా అసలు తేడా చలి. బ్రౌన్ ఫ్యాట్ ఉండటం వేరు, పనిలోకి దిగడం వేరు. దాన్ని పనిలోకి దించేది మెదడు.

ఎలా దించుతుందో చూడటానికి నాగార్జునసాగర్ దాకా వెళ్దాం. వెనక నీళ్లు నిలబడి ఉంటాయి. అవి టర్బైన్ల మీదుగా కిందికి దిగితే కరెంటు పుడుతుంది. మైటోకాండ్రియా చేసే పనీ ఇదే. మీరు తిన్న తిండిని మండించి ఆ శక్తితో ప్రోటాన్లను లోపలి పొరకు అవతల పోగేస్తుంది. అవి తిరిగి లోపలికి దూకేటప్పుడు తిరిగే టర్బైన్ నుంచి ఏటీపీ తయారవుతుంది, కణం ఖర్చు పెట్టుకునే నాణెం అది. బ్రౌన్ ఫ్యాట్‌ మైటోకాండ్రియాకు టర్బైన్లు కాక క్రస్ట్ గేట్లు కూడా ఉన్నాయి. వాటి పేరు యూసీపీ1. గేట్లు ఎత్తితే ప్రోటాన్లు టర్బైన్ తిప్పకుండానే దూకేస్తాయి. ఏటీపీ రాదు, శక్తంతా వేడిగా మారుతుంది. నిల్వ పడిపోతున్న కొద్దీ దాన్ని నింపడానికి కణం ఇంకా ఇంకా కొవ్వు మండిస్తుంది.

మామూలుగా ఈ గేట్లు దించే ఉంటాయి. ఎత్తమనే ఆదేశం వచ్చే దారి ఇదీ. చర్మంలోని చలి నరాలు సంకేతాన్ని వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడు కాండానికి, పైన హైపోథాలమస్‌లోని (ఒంటి వేడినీ ఆకలినీ చూసుకునే మెదడు భాగం) ప్రీఆప్టిక్ ప్రాంతానికి చేరుస్తాయి. ఒళ్లు వెచ్చగా ఉన్నంతసేపూ ఈ ప్రాంతం కింది కేంద్రాల మీద బ్రేకు తొక్కిపట్టి ఉంటుంది. చలి కబురు అందగానే కాలు తీస్తుంది. బ్రేకు పోగానే హైపోథాలమస్‌లోనే ఉన్న మరో కేంద్రం, దాని తర్వాత మెదడు కాండం అడుగు భాగమైన మెడుల్లాలోని రాఫే పాలిడస్ అనే చిన్న కేంద్రం చురుగ్గా మారతాయి. ఆదేశం వెన్నుపాము మీదుగా సింపథెటిక్ నరాల్లోకి (మన ప్రమేయం లేకుండా ఒంటిని ఉరికించే నరాలు) దిగి, బ్రౌన్ ఫ్యాట్ దగ్గర నార్‌అడ్రినలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. అది కణం గోడ మీది బీటా రిసెప్టర్లను తాకితే లోపల కొవ్వు బొట్లు విరిగి ఫ్యాటీ ఆమ్లాలు బయటికొస్తాయి. ఆ ఆమ్లాలే ఇంధనం, గేటు ఎత్తే తాళం చెవీ అవే.

మధ్యలో ఎక్కడ తెగినా పని ఆగిపోతుంది. ఎలుకల్లో ఆ నరాలు కోసేస్తే ఎంత చలిలో పెట్టినా బ్రౌన్ ఫ్యాట్ కిమ్మనదు. పెట్ స్కాన్ సెంటర్లకు ఇది రోజువారీ వ్యవహారం. రోగి చలికి వణుకుతూ వస్తే మెడ దగ్గర బ్రౌన్ ఫ్యాట్ వెలిగి, క్యాన్సర్ గడ్డేమోనని డాక్టర్లను తికమక పెడుతుంది. అందుకే స్వెటర్ వేసుకుని రమ్మంటారు, దుప్పటి కప్పుతారు, కొన్నిసార్లు బీటా రిసెప్టర్లను మూసే ప్రొప్రనొలాల్ మాత్ర ఇస్తారు. మైగ్రేన్‌కో, చేతుల వణుకుకో మీరు ఆ మాత్ర వాడుతున్నట్టయితే ట్రైనర్ చెప్పిన ప్రయోగం మొదలవకముందే ముగిసినట్టే. అలాగని మాత్ర మానేయకండి, హఠాత్తుగా ఆపితే గుండెకు ప్రమాదం.

ఇప్పుడు మీ బకెట్. చలి తగిలితే శరీరం మూడు పనులు చేస్తుంది. ముందు చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, దీనికి ఖర్చు దాదాపు లేదు. తర్వాత బ్రౌన్ ఫ్యాట్. అదీ చాలకపోతే కండరాల వణుకు. ఒక్కసారిగా ఐసునీళ్లు కుమ్మరించుకుంటే ఊపిరి ఎగబీలుస్తుంది, గుండె దడదడలాడుతుంది, బీపీ ఎగురుతుంది, కాసేపట్లో పళ్లు టకటకలాడతాయి. మధ్య మెట్టు కుదురుగా నడిచే వ్యవధే లేదు. పరిశోధనల్లో మనుషులను రెండేసి గంటలు, వణుకు రాని మోస్తరు చలిలో కూర్చోబెట్టింది ఇందుకే. మీ అయిదు నిమిషాల్లో ఎక్కువగా జరిగేది ఉలికిపాటు. నలభైకి దగ్గరపడుతున్న వయసు, కుటుంబంలో ఎవరికైనా గుండె జబ్బు ఉంటే, తెల్లవారుజామున ఆ ఉలికిపాటు అంత అమాయకమైనదేమీ కాదు.

సరే, పద్ధతి ప్రకారమే చేశామనుకుందాం. ఎంత మిగులుతుంది? మీ ఎత్తు, బరువు, వయసుకు విశ్రాంతిలో రోజుకు సుమారు 1,650 కేలరీలు ఖర్చవుతాయి, అంటే గంటకు 70 లోపు. మాస్ట్రిక్ట్‌లోనే 2013లో ఒక బృందాన్ని పది రోజుల పాటు రోజుకు ఆరేసి గంటలు 15, 16 డిగ్రీల చలికి అలవాటు చేస్తే, వణుకు లేకుండా చలిలో అదనంగా పుట్టే వేడి సగటున 11 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది. ఆ 18 శాతమే మీకూ వచ్చిందనుకోండి. గంటకు 12, 13 కేలరీలు. రెండు గంటలు కూర్చుంటే 25. మామూలు సైజు ఇడ్లీలో సగం. అదే అరగంట చురుగ్గా నడిస్తే, కూర్చుని ఉంటే అయ్యేదాని మీద మరో వంద దాకా ఖర్చవుతాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే.

అంకెలన్నీ ఇంత నీరసంగా లేవు. జపాన్‌లో, అదీ 2013లోనే, రోజుకు రెండు గంటల చొప్పున ఆరు వారాలు 17 డిగ్రీల్లో గడిపినవాళ్లకు ఒంటి కొవ్వులో 5 శాతం తగ్గింది. 5 శాతం అంటే బరువులో కాదు, ఉన్న కొవ్వులో. అది కిలోకు లోపే. మాస్ట్రిక్ట్‌లో 2015లో టైప్-2 షుగర్ ఉన్న ఎనిమిది మందికి పది రోజులు చలి అలవాటు చేస్తే ఇన్సులిన్ పనితనం 43 శాతం మెరుగైంది. చలి మీద మాకు నిజంగా ఆసక్తి ఉన్నది ఈ వైపు. అయితే అక్కడ కూడా గ్లూకోజ్‌ని ఎక్కువగా లాక్కున్నది కండరాలు, బ్రౌన్ ఫ్యాట్ వాటా కొంచెమే.

ఇంకో చిక్కు ఉంది. వేడికి ఖర్చుపెట్టిన మెదడే ఖర్చు రాబట్టుకోవడమూ చూసుకుంటుంది. చలిలో పెట్టిన ఎలుకలు తిండి కోసం ఎక్కువగా తిరుగుతాయి. 2023లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థ వాళ్లు దీనికి కారణమైన నరకణాల గుంపును మెదడు నడిమధ్యన, థాలమస్‌లో గుర్తించారు. చన్నీళ్ల స్నానం చేసి వచ్చిన రోజు టిఫిన్ దగ్గర చెయ్యి ఆగకపోతే దాన్ని మీ మనోబలం మీదికి నెట్టకండి. సగం ఇడ్లీ సంపాదనకు ఒక ఇడ్లీ అదనంగా తింటే లెక్క తిరగబడినట్టే.

రాత్రి ఏసీ 18 సంగతి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో అయిదుగురు మగవాళ్లు నెల పాటు రాత్రిళ్లు 19 డిగ్రీల గదిలో, పల్చటి దుప్పటితో గడిపారు. బ్రౌన్ ఫ్యాట్ పరిమాణం 42 శాతం పెరిగింది. 27 డిగ్రీల గదిలో మరో నెల గడిపితే వచ్చిందంతా పోయింది. ఈ నెలల్లో ఒంటి కొవ్వు మాత్రం తగ్గలేదు. ఇక మన ఇళ్లలో జరిగేది ఏమిటంటే, ఏసీ 18లో పెట్టి మీద రగ్గు కప్పుకోవడం. రగ్గు కింద చర్మం వెచ్చగా ఉంటే మెదడుకు చలి కబురే అందదు, కరెంటు బిల్లు మాత్రం అందుతుంది.

అయినా ఉత్సాహం తగ్గలేదంటే ఇలా చేసి చూడండి. సాయంత్రం, పాప లేని గదిలో, చేతులున్న పల్చటి నూలు చొక్కా, నిక్కరు వేసుకుని కూర్చోండి. ఏసీ మీద కనిపించే అంకెను నమ్మొద్దు, అది మీరు కూర్చున్న చోటి ఉష్ణోగ్రత కాదు. ఒక మామూలు గది థర్మామీటర్ పక్కన పెట్టుకోండి. మొదటి మూడు రోజులు 22 డిగ్రీల్లో అరగంట. తర్వాత రెండు రోజులకు ఒక డిగ్రీ చొప్పున 18, 19 దాకా దిగి, సమయాన్ని గంట, గంటన్నరకు పెంచండి. కొంచెం చలేస్తోంది కానీ భరించవచ్చు అనిపించాలి. దవడ అదిరినా, తొడలు వణికినా ఒకటి రెండు డిగ్రీలు పెంచండి, వణుకు మొదలైతే మీరు లెక్కపెడుతున్నది బ్రౌన్ ఫ్యాట్‌ని కాదు. వేళ్లు తెల్లబడటం, నీలంగా మారడం, ఛాతీలో పట్టేసినట్టు ఉండటం జరిగితే అక్కడితో ఆపేయండి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, చలికి ఎక్కువయ్యే ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు అసలు మొదలుపెట్టకూడదు. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు ఐసు జోలికి పోకూడదు.

నిజానికి మీ ఉత్తరంలో మమ్మల్ని ఆపింది ఐసు కాదు, ఎప్పుడూ చలిగా ఉంటోందన్న మాట. 86లో నుంచి 9 కిలోలు, అంటే పదో వంతు తగ్గారు. ఒంటి కొవ్వు తగ్గితే దాన్నుంచి రక్తంలోకి వచ్చే లెప్టిన్ అనే హార్మోనూ తగ్గుతుంది. 1994లో న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది దీన్ని. కొట్లో ధాన్యం ఎంతుందో హైపోథాలమస్‌కు చెప్పే కబురు అది. కొట్టు తరిగిందని తెలియగానే హైపోథాలమస్ పిండి కొద్దీ రొట్టె అంటుంది. సింపథెటిక్ నరాల జోరు తగ్గిస్తుంది, థైరాయిడ్ హార్మోన్ టీ3 కాస్త దిగుతుంది, ఆకలి పెరుగుతుంది, వేడికి పెట్టే ఖర్చు కోస్తుంది. మీ చలి ఆ కోత. చర్మం కింద కొవ్వు పొర పల్చబడటం దానికి తోడు.

ఈ కోత ఎంతో కొలిచారు కూడా. 1995లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, బరువులో పదో వంతు తగ్గించుకుని అక్కడే నిలబడినవాళ్లలో రోజు ఖర్చు, కొవ్వు మినహా మిగిలిన ఒంటి బరువులో కిలోకు సుమారు 6 కేలరీల చొప్పున తగ్గిందని చూపించారు. మీకు ఆ బరువు 55 కిలోలు అనుకుంటే రోజుకు 330. బ్రౌన్ ఫ్యాట్‌తో సంపాదించాలనుకున్న 25 పక్కన పెట్టి చూసుకోండి. మీరు చన్నీళ్లతో ఆదేశం ఇవ్వాలని చూస్తున్న మెదడుకు, ఇటు ఆకలి నుంచి అంతకంటే గట్టి ఆదేశం వెళ్తోంది.

ఇక్కడ ఒక మాట కటువుగా అనిపించవచ్చు. మీరు రాసిన తిండి 900 కేలరీలు దాటదు. ఎంత కోత పడినా 77 కిలోల మనిషి ఖర్చు అంత కిందికి దిగదు, రెండు నెలలు నిజంగా అంతే తింటే బరువు కదలాల్సిందే. ఉత్తరంలోకి రానిది ఏదో ఉంది. తప్పు పట్టడం కాదు, ఆకలిగా ఉన్న మెదడు కొన్ని ముద్దలను లెక్కలోకి రానివ్వదు. ఏడు రోజులు కాగితం మీద రాయండి. చక్కెర వేసిన టీ ఒక్కోటి 60 నుంచి 80. కూరలో పడ్డ నూనె ఒక పెద్ద చెంచాకు 120. ఆఫీసులో మిక్చర్ గుప్పెడు 150కి తక్కువుండదు. ఆదివారం బిర్యానీ వారం మొత్తం పొదుపును ఒక్క పూటలో తినేయగలదు.

ఆ కాగితం చేతికొచ్చాక తిండిని తగ్గించొద్దు, పెంచండి. వచ్చే రెండు మూడు నెలలు 1,700 దగ్గర నిలకడగా ఉండి, 77 నుంచి పెరగకుండా చూసుకోవడమే లక్ష్యం. ప్రొటీన్ రోజుకు 90 గ్రాములు కావాలి. మీ జాబితాలో అది 25 కూడా లేదు. ఒక గుడ్డుకు 6 గ్రాములు, వంద గ్రాముల పచ్చి పెసరపప్పుకు 24, వండిన చికెన్ వంద గ్రాములకు 27 దాకా, కప్పు పెరుగుకు 6, 7. పొద్దున ఆ రెండు ఇడ్లీలు అలాగే ఉండనిచ్చి పక్కన రెండు గుడ్లు పెట్టుకోండి, లేదా వారంలో సగం రోజులు పెసరట్టు చేసుకోండి. వారానికి మూడు రోజులు బరువులెత్తే వ్యాయామం. ట్రైనర్ ఫీజుకు న్యాయం జరిగేది ఇక్కడ. రోజూ అరగంట నడక. కండ నిలబడితే విశ్రాంతి ఖర్చు పడిపోకుండా ఉంటుంది. అప్పుడు మళ్లీ రోజుకు 300, 400 తగ్గించి ఇంకో మూడు కిలోలకు ప్రయత్నించవచ్చు.

చలి ఎంతకీ పోకపోతే అన్నీ డైటు మీదికి తోసేయకుండా రక్త పరీక్షలు చేయించండి: థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, ఇనుముకు హిమోగ్లోబిన్, ఫెరిటిన్, వాటితో పాటు విటమిన్ బీ12. థైరాయిడ్ తగ్గినా, ఇనుము తగ్గినా వేడి పుట్టించే శక్తి దెబ్బతింటుంది, రెండింటికీ మందుంది. టీఎస్‌హెచ్ మామూలుగా ఉన్నప్పుడు ‘వేడి కోసం’ థైరాయిడ్ మాత్రలు వేసుకోవడం మాత్రం గుండె లయనూ ఎముకలనూ తాకట్టు పెట్టడమే.

ఇప్పుడు పసుపు పచ్చ పొడి. డీఎన్‌పీ చేసేదీ ప్రోటాన్లను పక్కదారి పట్టించడమే. కానీ యూసీపీ1 క్రస్ట్ గేటు అయితే ఇది కట్టకు గండి. గేటు ఒక్క బ్రౌన్ ఫ్యాట్‌లోనే ఉంటుంది, మెదడు ఎత్తమంటే లేస్తుంది, చాలంటే దిగుతుంది. గండి ఒంట్లోని ప్రతి కణంలోనూ పడుతుంది: గుండెలో, కాలేయంలో, మెదడులో కూడా. ఒళ్లు 40 డిగ్రీలు దాటినా ప్రీఆప్టిక్ ప్రాంతం తొక్కడానికి అక్కడ బ్రేకు లేదు, దాని మాట వినే నరమే ఈ వేడిలో లేదు. చెమటలు పట్టించడం తప్ప మెదడు చేయగలిగింది ఏమీ ఉండదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ మందుగుండు ఫ్యాక్టరీల్లో దీన్ని పేలుడు పదార్థంగా వాడితే కూలీలు చిక్కిపోయారు, కొందరు ఒంట్లో వేడి విపరీతంగా పెరిగి చనిపోయారు. 1933లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు దాన్నే బరువు తగ్గించే మందన్నారు. జనం ఎగబడ్డారు, చావులు, కంట్లో శుక్లాలు బయటపడ్డాయి. 1938 కల్లా అమెరికా మనుషులకు పనికిరాదని తేల్చేసింది. ఈనాటికీ దీనికి విరుగుడు లేదు.

మీ మిత్రుడు ఇప్పటికే వేసుకుని ఉంటే, విపరీతమైన చెమట, వేడి, దడ, ఆయాసం, చేతులకో మూత్రానికో పసుపు రంగు, ఇందులో ఏది కనిపించినా 108కి ఫోన్ చేసి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. ఏమీ కనిపించకపోయినా అదే రోజు డాక్టరుకు చూపించండి. ఆ డబ్బా వెంట ఉండాలి. పారాసెటమాల్ వేసి ఎదురు చూడకండి. అది జ్వరంలో మెదడు పెంచిన మట్టాన్ని దించుతుంది, ఇక్కడ మెదడు ఏ మట్టాన్నీ పెంచలేదు. పొడి డీఎన్‌పీ కాకపోయినా తేలిగ్గా తీసుకోవద్దు. ఇలాంటి పేరులేని క్యాప్సూళ్లలో దొరికే ఇంకొకటి సిబుట్రమిన్, గుండెపోటు, పక్షవాతం ముప్పు వల్ల 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి తీసేశారు, మన దేశంలోనూ నిషేధించారు.

నరాన్ని కాక రిసెప్టర్‌ని నేరుగా తట్టే పద్ధతి చట్టబద్ధంగానూ ప్రయత్నించారు. మూత్రాశయ సమస్యకు వాడే మిరాబెగ్రాన్‌ని మామూలు గరిష్ఠ మోతాదుకు నాలుగు రెట్లు, 200 మిల్లీగ్రాములు, 12 మంది యువకులకు ఇస్తే విశ్రాంతి ఖర్చు రోజుకు 203 కేలరీల లెక్కన పెరిగింది. గుండె వేగం, బీపీ కూడా పెరిగాయి. బరువు కోసం ఎవరూ రాయని మందు అది, మీరూ అడగొద్దు.

భారతీయులకు బ్రౌన్ ఫ్యాట్ తక్కువన్న మాట ట్రైనర్ గాలిలోంచి పట్టింది కాదు. 2014లో నెదర్లాండ్స్‌లో దక్షిణాసియా మూలాలున్న 12 మంది యువకులను 12 మంది తెల్లజాతి వాళ్లతో పోలిస్తే, మనవాళ్లలో దాని పరిమాణం మూడో వంతు తక్కువగా కనిపించింది. కానీ అదే దేశంలో అంతకు ముందు ఏడాది వచ్చిన మరో పరిశోధనలో అలాంటి తేడా తేలలేదు. ఇంత చిన్న గుంపులను పట్టుకుని మీ ఒంటికి తీర్పు చెప్పలేం. ఎంత ఉందో స్కాన్‌లో చూపించుకోవాలని కూడా అనుకోకండి. రేడియేషన్ తప్ప చేతికి వచ్చేది ఏమీ లేదు.

చివరగా పాప. మీ ఇంట్లో బ్రౌన్ ఫ్యాట్‌ని అసలైన అవసరానికి వాడుతున్న మనిషి తనే. పసిపిల్లలకు వణుకు సరిగా రాదు. ఒంటి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, తల పెద్దది, వేడి త్వరగా పోతుంది. అందుకే భుజాల మధ్య, మెడ చుట్టూ, కిడ్నీల దగ్గర ఆ కొవ్వుతో పుడతారు. 18 డిగ్రీల గదిలో తన పాలలోని కేలరీలు ఎదుగుదలకు కాక వేడికి పోతాయి. చలేస్తోందని చెప్పలేదు, దుప్పటి లాక్కోలేదు. పాప గదిలో ఏసీ 25, 26 దగ్గర ఉంచండి, గాలి నేరుగా మీద పడకుండా రెక్కలు పైకి తిప్పండి. రగ్గులు కప్పొద్దు, ముఖం మీదికి జారితే ఊపిరాడదు. మీకంటే ఒక పొర ఎక్కువ బట్ట చాలు. నూనె రాసి స్నానం చేయించేటప్పుడు ఫ్యాన్ ఆపి, ముందు తల తుడవండి. జ్వరం వస్తే ఐసు గుడ్డ వేయకండి. జ్వరంలో ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం మెదడులోని ఆ బ్రేకునే వదిలించి మట్టం పైకి జరిపి ఉంటుంది. పైన చల్లబరిస్తే లోపల ఇంకా మండిస్తుంది, పాప వణుకుతుంది, అలిసిపోతుంది. డాక్టరు బరువుకు లెక్కగట్టి ఇచ్చిన పారాసెటమాల్, పల్చటి బట్టలు, తరచుగా పాలు. ఎండాకాలం వడదెబ్బ మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం, అక్కడ మందు పనిచేయదు, తడి గుడ్డలతో, గాలితో వెంటనే చల్లబరుస్తూ ఆసుపత్రికి పరుగెత్తాలి. మామూలు రోజుల్లో చలేస్తోందో లేదో చూడటానికి పాదాలు పట్టుకుని కంగారు పడకండి, రక్తనాళాలు ముడుచుకునేది ముందు అక్కడే కాబట్టి పాదాలు ఎప్పుడూ చల్లగానే అనిపిస్తాయి. పొట్ట మీద, మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చల్లగా తగిలితే ఎత్తుకుని ఒంటికి హత్తుకోండి, చంకలో థర్మామీటర్ 36.5 కంటే కింద చూపిస్తూనే ఉంటే పిల్లల డాక్టరు దగ్గరికి బయల్దేరండి.